పిల్లలున్న ఇంట్లో మిద్దె తోటకు ఇంటి మందులు: ఏది కొట్టొచ్చు, ఎంత కొట్టొచ్చు, ఏది ఇంట్లోకే రానివ్వకూడదు

అమ్మా, మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్తాను, నేను సరిగా అర్థం చేసుకున్నానో లేదో మీకే తెలుస్తుంది. కావలిలో మిద్దె మీద బెండ, వంగ, టమాటా, మిరప, చిక్కుడు, కరివేపాకు, ఒక మందారం పెంచుతున్నారు. చిక్కుడు చివుళ్లకు నల్లగా పేనుబంక పట్టింది, మందారానికి తెల్లగా పిండినల్లి పట్టింది, మిరప ఆకులు ముడుచుకుంటున్నాయి. పొదిలి దగ్గర మీ అత్తగారి ఊళ్లో పొగాకు కాడలు ఊరికే దొరుకుతాయి గనక ఆ కషాయం కొట్టమని ఒకరన్నారు. వేపనూనెలో గిన్నెలు తోమే లిక్విడ్, వంటసోడా కలిపి కొట్టమని ఇంకొకరన్నారు. ఆ రెండోది పోయిన ఆదివారం ఉదయం పది గంటలప్పుడు కొడితే చిక్కుడు ఆకుల అంచులు మాడిపోయాయి. ఇంట్లో ఇద్దరు చిన్న పిల్లలు. ఏది కొట్టాలి, కొట్టాక ఎన్నాళ్లకు కోసుకు తినొచ్చు అన్నది మీ ప్రశ్న.

పొగాకు కషాయం మీ ఇంట్లోకి రానివ్వకండి. సబ్బు నీళ్లు ఒకటి, వేపగింజల కషాయం లేదా వేపనూనె ఒకటి, ఈ రెంటితో పేనుబంకా పిండినల్లీ అదుపులోకి వస్తాయి. కొలత ప్రకారం కలిపి, ఎండ దిగాక, ముందు రెండు ఆకుల మీద కొట్టి చూసి ఆ తర్వాతే మొక్కంతా కొట్టండి. వంటసోడా అందులో కలపొద్దు. మిరప ముడత సంగతి వేరే ఉంది, అది చివర్లో చెప్తాను.

నేను ఉద్యాన శాఖలో పనిచేసినన్నాళ్లూ కందుకూరు, కొండపి, పొదిలి చుట్టుపక్కల ఊళ్లలోనే తిరిగాను. ఇప్పుడు నెల్లూరులో నాకూ మిద్దె మీద కుండీలున్నాయి. అంగట్లో కొన్న మందు డబ్బా మీద ఎర్ర ముక్కోణం, పుర్రె గుర్తు చూస్తే ఎవరైనా ఒళ్లు దగ్గర పెట్టుకుంటారు. ఇంట్లో కాచినదాని మీద ఆ గుర్తు ఉండదు. అందుకని వట్టి చేతుల్తో పిసుకుతారు, పిలకాయల్ని పక్కన నిలబెట్టుకుని కొడతారు, మిగిలింది కూల్‌డ్రింక్ సీసాలో పోసి వంటగది అరలో పెడతారు. నన్ను ఎక్కువగా భయపెట్టేది ఈ ధీమానే. పురుగును చంపగలిగేది ఏదైనా ఎంతో కొంత మనకూ తగులుతుంది, తేనెటీగకూ తగులుతుంది, ఒక్కోసారి ఆ మొక్కకే తగులుతుంది. ఎంత తగులుతుందో రాసిపెట్టిన కాగితం లేదు గనక ఆ లెక్క చూసుకునే బాధ్యత చేసినవాళ్లదే.

పొగాకు ఎందుకు వద్దంటున్నానంటే

ప్రకాశం వైపు పొగాకు గురించి ఒకరు చెప్పాల్సింది లేదు. ఒంగోలు, టంగుటూరు, కొండపి, వెల్లంపల్లి, పొదిలి, కనిగిరి, ఇవన్నీ వేలం కేంద్రాలున్న ఊళ్లే. పంట అయిపోయాక మోళ్లు, కాడలు, రాలిన ఆకు ముక్కలు ఎవరు అడిగినా ఇస్తారు. పూర్వం ఆ నీళ్లు చేలకు కొట్టిన మాట నిజమే, పేనుబంక చచ్చిన మాటా నిజమే. దాన్ని చంపింది నికోటిన్. ఆ నికోటిన్ నోట్లోంచే పోవాలని లేదు, తడిసిన చర్మంలోంచి కూడా ఒంట్లోకి పోతుంది. మంచుకు తడిసిన పచ్చి పొగాకు కోసే కూలీలకు తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతులు రావడం ఇందుకే.

కొండపి వైపు ఒక ఇంట్లో జరిగింది చెప్తాను. పొగాకు కాడలు నానబెట్టి, మరగబెట్టి, చేత్తో పిసికి వడకట్టి వంగ మడికి కొట్టారు. పంపు కారి వీపంతా తడిసింది. ఇంతే కదా అని ఆ చొక్కాతోనే పనంతా ముగించారు. సాయంత్రానికి ఆ ఇంటాయనకు వాంతులు, ఒళ్లంతా చెమటలు, గుండె దడ. ఆసుపత్రిలో సెలైను పెట్టాల్సి వచ్చింది. ఆయన చేలో మందులు కొట్టి కొట్టి అలవాటైన మనిషి, బరువు 70 కిలోలకు తక్కువుండడు. మీ ఇంట్లో పిల్లల బరువెంతో ఒకసారి తలుచుకోండి.

ఇంకో కారణం మొక్కలకు సంబంధించింది, దీన్ని చాలామంది చెప్పరు. టమాటా, వంగ, మిరప మూడూ పొగాకు కుటుంబానివే. పొగాకు మొజాయిక్ వైరస్ ఎండిన ఆకులో కూడా ఏళ్ల తరబడి చావకుండా ఉంటుంది. ఆ ఆకు నానిన నీళ్లు, ఆ ఆకు పట్టుకున్న చేతులు టమాటా ఆకుకు రాసుకుంటే చాలు, తెగులు అంటుకుంటుంది. బాగా మరగబెడితే వైరస్ చస్తుంది, కానీ చేతులకూ బకెట్టుకూ వడకట్టిన గుడ్డకూ అంటుకున్నది చావదు. పేనుబంక కోసం మొదలుపెట్టి, మందే లేని రోగాన్ని కుండీలోకి తెచ్చుకున్నట్టు అవుతుంది. ఇంట్లో ఎవరైనా చుట్టో బీడీయో తాగే అలవాటున్నవాళ్లుంటే, చేతులు సబ్బుతో కడుక్కున్నాకే టమాటా, మిరప మొక్కలు ముట్టుకోమనండి.

నికోటిన్ సల్ఫేట్ అని ఒకప్పుడు పురుగుమందుగా అమ్మేవాళ్లు. మన దేశంలో దాని వాడకాన్ని నిషేధించారు. కంపెనీ సీసాలో ఉంటే నిషేధించినదాన్ని మన గిన్నెలో మనమే కాచుకోవడంలో అర్థం లేదు.

ఇక్కడే ఇంకో మాట. మన రాష్ట్రంలో 2016 నుంచి ప్రకృతి వ్యవసాయం ఊరూరా నడుస్తోంది, అందులో నీమాస్త్రం, అగ్నిఅస్త్రం, బ్రహ్మాస్త్రం, దశపర్ణి అని కషాయాలు వాడతారు. నాకు వాటి మీద గౌరవమే. కానీ వాటిలో ఏమేం పడతాయో తెలుసుకోకుండా మిద్దె మీదికి తేవొద్దు. అగ్నిఅస్త్రంలో పచ్చిమిరప, వెల్లుల్లితో పాటు పొగాకు పడుతుంది. దశపర్ణిలో ఒక్కొక్కరు ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు కూడా వేస్తారు. ఉమ్మెత్త, గన్నేరు తింటే మనిషి ప్రాణం పోయేవి. గన్నేరు కొమ్మల పొగ కూడా విషమే, పొయ్యిలో పెట్టకూడదు. జిల్లేడు పాలు కంట్లో పడితే చూపు మసకబారుతుంది. ఎకరాల చేలో, ఇంటికి దూరంగా, కాచే చోటూ కొట్టే మనిషీ వేరుగా ఉండి చేసే పని అది. వడియాలు ఆరబోసుకునే మిద్దె మీద చేసేది కాదు. ఎవరైనా తయారుగా ఉన్న కషాయం అమ్మితే, పొగాకు గానీ ఉమ్మెత్త గానీ గన్నేరు గానీ వేశారా అని అడగండి. వేశామంటే తీసుకోవద్దు.

సీతాఫలం గింజల పొడి గురించి కూడా ఈ మధ్య ఎక్కువగా వింటున్నాను. పేలకు రాసుకున్నట్టే మొక్కలకూ కొట్టొచ్చంటారు. ఆ పొడి కంట్లో పడితే నల్లగుడ్డు మీది పొర దెబ్బతిని భరించలేని మంట పుడుతుంది. మిక్సీలో గింజలు పట్టేటప్పుడు లేచే దుమ్మే చాలు. పిల్లలున్న ఇంట్లో దాని జోలికే వెళ్లకండి.

మీ చిక్కుడు ఆకులు ఎందుకు మాడాయి

మీరు రాసినదాన్ని బట్టి నాలుగు కారణాలూ ఒకే రోజు కలిసొచ్చాయి.

ఒకటి, చెంచా కొలత. టీ చెంచా అయితే 5 ఎంఎల్, అన్నం చెంచా అయితే 15 ఎంఎల్. మీరు లీటరుకు రెండు చెంచాల నూనె అన్నారు, అన్నం చెంచాలైతే అది 30 ఎంఎల్. కావలసింది 5. మందుల షాపులో సూది లేని 10 ఎంఎల్ సిరంజి ఒకటి కొనుక్కోండి. దాన్ని తోట సామానులోనే ఉంచండి. పిల్లల టానిక్ మూతతో మాత్రం ఎప్పుడూ కొలవొద్దు.

రెండు, ఎండ. ఉదయం పది గంటలకు మన దగ్గర మిద్దె గచ్చు కాలుతుంటుంది. నూనె పొర ఆకు రంధ్రాల్ని మూసేస్తుంది, ఆకు వేడిని బయటికి పంపలేకపోతుంది. 32 డిగ్రీలు దాటినప్పుడు నూనె గానీ సబ్బు గానీ కొట్టకూడదు.

మూడు, వంటసోడా. అది ఉప్పు జాతిది, క్షారగుణం ఉన్నది. లేత ఆకు అంచుల్ని మాడుస్తుంది, మళ్లీ మళ్లీ కొడితే కుండీ మట్టిలో సోడియం పేరుకుంటుంది. పైగా వేపలో పనిచేసే అజాడిరక్టిన్ అనే పదార్థం క్షారంలో త్వరగా విరిగిపోతుంది. సోడా కలిపితే మొక్కకు దెబ్బ, వేప గుణమూ పోతుంది.

నాలుగోది నీళ్లు, మన వైపు దీన్ని పట్టించుకోవాల్సిందే. సముద్రం ఒడ్డు ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పన, కనిగిరి వైపు ఫ్లోరైడు, చాలాచోట్ల గట్టి నీళ్లు. గట్టి నీళ్లలో సబ్బు నురగ రాదు, తెల్లటి మడ్డిగా విరిగిపోతుంది. ఆ మడ్డి పురుగు మీద పనిచేయదు, స్ప్రేయర్ నాజిల్‌ను మూసేస్తుంది, ఆకు మీద మచ్చగా మిగులుతుంది. నురగ రాలేదని ఇంకా సబ్బు పోస్తాం, అదేమో ఆకును కాలుస్తుంది. మీకు కావలసింది లీటరో రెండు లీటర్లో. ఇంట్లో తాగడానికి తెచ్చుకునే క్యాను నీళ్లే వాడండి, వాన నీళ్లు పట్టి ఉంటే ఇంకా మంచిది.

మాడిన ఆకులు మళ్లీ పచ్చబడవు. సగానికి పైగా మాడినవి తుంచేయండి, మొక్కను ఒకసారి మంచి నీళ్లతో కడగండి, వారం దాకా ఏదీ కొట్టొద్దు. కొత్త చిగురు బాగానే వస్తుంది.

కొట్టే ముందు చేయాల్సింది

చిక్కుడు చివుళ్లకు అతుక్కుపోయిన పేనుబంకలో సగం నీళ్లతోనే పోతుంది. పైపు మూతి దగ్గర వేలు పెట్టి, ఇంకో చెయ్యి చివురు వెనక ఊతగా ఉంచి, ఉదయం పూట గట్టిగా కొట్టండి. కింద పడిన పేనుబంకలో ఎక్కువ భాగం తిరిగి పైకి రాదు. రెండు మూడు రోజులు వరసగా చేయండి. మరీ పట్టిన చివుళ్లు తుంచి సబ్బు నీళ్ల బకెట్లో వేయండి.

చీమల్ని చూడండి. పేనుబంక, పిండినల్లి విడిచే తీపి కోసం చీమలు వాటిని కాపలా కాస్తాయి, ఒక మొక్క మీంచి ఇంకో మొక్క మీదికి మోస్తాయి. చీమల దారి ఆపకుండా ఎన్ని మందులు కొట్టినా పది రోజుల్లో మళ్లీ అదే కథ. కుండీని నీళ్ల పళ్లెంలో రెండు ఇటుక ముక్కల మీద నిలబెట్టొచ్చు, దోమలు పుట్టకుండా ఆ నీళ్లు మూడు రోజులకోసారి మార్చాలి. మందారం కాండానికి పాత గుడ్డ చుట్టి, దాని మీద ఆముదం రాసినా సరిపోతుంది.

ఆకుల మీద ఎర్రటి అక్షింతల పురుగులు ఉన్నాయా? వాటి పిల్లలు నల్లగా, పొడుగ్గా, నారింజ మచ్చలతో చిన్న మొసలిలా ఉంటాయి. వాటిని చూసి ఇదేదో కొత్త తెగులు పురుగనుకుని చంపేవాళ్లే ఎక్కువ. అవి పేనుబంకను తిని బతికేవి. ఒక చివురు మీద అవి నాలుగైదు కనబడితే ఆ మొక్కకు మందు కొట్టొద్దు, వారం ఆగండి. సబ్బు నీళ్లకు మంచి పురుగు, చెడ్డ పురుగు తేడా తెలియదు.

మీ కరివేపాకు మీద పక్షి రెట్టలాంటి పురుగు కనబడితే అది నిమ్మ సీతాకోకచిలుక పిల్ల. గూడూరు, పొదలకూరు నిమ్మ తోటల్లో తెలియనివాళ్లుండరు. అది పెద్దదయ్యాక ఆకుపచ్చగా మారుతుంది. నాలుగు మొక్కలకు దానికోసం మందెందుకు, చేత్తో ఏరేయండి.

సబ్బు నీళ్లు

లీటరు మంచి నీళ్లకు 5 గ్రాముల మామూలు సబ్బు బిళ్ల తురుము, లేదా 5 ఎంఎల్ లిక్విడ్ సబ్బు. అంతకు మించొద్దు. బట్టలు ఉతికే పౌడర్ వాడొద్దు, దానిలోని సోడా, తెల్లదనం కోసం కలిపే రసాయనాలు ఆకు మీది మైనపు పొరను తీసేస్తాయి. గిన్నెల లిక్విడ్ కూడా నిజానికి డిటర్జెంటే. వాడక తప్పకపోతే రంగు, నిమ్మ వాసన, క్రిమిసంహారకం అని రాసి ఉన్నవి కాకుండా సాదాది చూసి 3 ఎంఎల్‌తో మొదలుపెట్టండి.

నాకు వీటన్నిటికంటే ఇష్టమైనది కుంకుడుకాయ. ఐదారు కాయలు గింజ తీసి అర లీటరు నీళ్లలో రాత్రి నానబెట్టి, పొద్దున పిసికి, గుడ్డలో వడకట్టి, లీటరున్నర అయ్యేలా నీళ్లు కలపండి. కుంకుడు నురగ గట్టి నీళ్లలో కూడా విరగదు. వేపనూనెను నీళ్లలో కలపడానికీ ఇదే మంచి ఆధారం. కళ్లలో పడితే ఎలా మండుతుందో తలంటు పోసుకున్న ప్రతివాళ్లకూ తెలుసు, కాబట్టి అద్దాలు పెట్టుకోండి. మిగిలిన కుంకుడు నీళ్లు చేపల తొట్టిలోకీ చెరువు కాల్వలోకీ పోకూడదు, చేపలకు అది విషం.

సబ్బు పనిచేసేది తడిగా ఉన్నంతసేపే. పురుగు ఒంటికి తగలాలి, ఎండిపోయాక దాని బలం లేదు. అందుకే ఆకు అడుగున కొట్టాలి. పైన కొట్టి, తళతళలాడింది కదా అని దిగొచ్చేస్తే ఏ లాభమూ లేదు. చిక్కుడు, దోస, బీర, లేత టమాటా నారు సబ్బుకు త్వరగా నొచ్చుకుంటాయి. వాటికి కొట్టిన రెండు మూడు గంటల తర్వాత మామూలు నీళ్లతో కడిగేయండి, ఆపాటికి దాని పని అయిపోయి ఉంటుంది. ఐదారు రోజులకోసారి, మూడు సార్లు చాలు.

మందారం పిండినల్లికి ఒక్క సబ్బు చాలదు, దాని మీది మైనపు పొడి నీళ్లను నిలవనివ్వదు. గట్టిగా పట్టిన కొమ్మలు కోసి, మూతి కట్టిన కవర్లో చెత్తబండికి వేయండి. మిగిలిన గుంపుల్ని పాత టూత్‌బ్రష్ సబ్బు నీళ్లలో ముంచి రుద్దండి. ఆ తర్వాత రెండు రోజులాగి వేప కొట్టండి.

వేప

ఆకులు ఉడకబెట్టిన నీళ్లు కొట్టి "వేప పనిచేయలేదు" అనేవాళ్లను రోజూ చూస్తాను. పురుగును ఆపే అజాడిరక్టిన్ ఎక్కువగా ఉండేది గింజ పప్పులో, ఆకులో తక్కువ. ఉన్న ఆ కాస్తా మరగబెడితే పోతుంది. కాబట్టి గింజ, చన్నీళ్లు.

వ్యవసాయ శాఖ వాళ్లు చెప్పే 5 శాతం కషాయం లెక్క 100 లీటర్లకు 5 కిలోల గింజల పొడి. మీ మిద్దెకు 2 లీటర్లు చాలు, అంటే 100 గ్రాములు. పప్పును నలగ్గొట్టి, పల్చటి గుడ్డలో మూట కట్టి, సాయంత్రం నీళ్లలో వేసి, మర్నాడు సాయంత్రం ఆ మూటను తెల్లటి పాలు దిగేదాకా పిసికి తీసేయండి. రెండు మడతల గుడ్డలో వడకట్టి, 2 గ్రాముల సబ్బు కలిపి వెంటనే కొట్టండి. నిలవ ఉండదు, ఫ్రిజ్‌లో పెట్టకూడదు. మిక్సీ వాడితే ఆ జార్ మళ్లీ వంటకు తేవొద్దు. రోలూ అంతే.

గింజలు మీరే పోగు చేసుకోవచ్చు. మన వైపు జూన్, జులైలో పండ్లు రాలతాయి. గుజ్జు తీసి కడిగి నీడలో ఆరబెట్టి గుడ్డసంచిలో పెట్టుకోండి. బూజు పట్టిన గింజ ఒక్కటి కూడా వాడొద్దు, ఆ బూజులో విషాలుంటాయి.

వేపనూనె అయితే లీటరుకు 5 ఎంఎల్. ముందు నూనెలో సబ్బో కుంకుడు రసమో కలిపి బాగా గిలకొట్టి, పాలలా తెల్లగా అయ్యాక నీళ్లు పోయండి. నీళ్లలో నూనె పోసి ఊపితే పైకి తేలుతుంది, మొదటి చుక్కల్లో నీళ్లు, చివరి చుక్కల్లో వట్టి నూనె పడి ఆకు కాలుతుంది. కొట్టేటప్పుడు కూడా మధ్య మధ్య ఊపుతుండాలి.

వేప కొట్టిన సాయంత్రమే పురుగు చచ్చి పడిపోదు. అది తినడం మానేస్తుంది, కుబుసం విడవలేకపోతుంది, గుడ్లు తగ్గుతాయి. మూడు నుంచి ఏడు రోజులు ఓపిక పట్టాలి. రెండో రోజుకే పని చేయలేదని రెట్టింపు మోతాదు కొట్టడం వల్లే వేపతోనూ మొక్కలు చస్తున్నాయి. వారం పది రోజులకోసారి చాలు.

వేపనూనె గురించి తల్లులకు గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. వేపనూనె పసిపిల్లల కడుపులోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. వాంతులు, మగత, మూర్ఛ వచ్చిన పిల్లల కేసులు వైద్యుల దగ్గర నమోదై ఉన్నాయి. వేప చెట్టు నీడ మంచిదే, నూనె సీసా మాత్రం తాళం వేసిన అరలో ఉండాలి.

వేళ, గాలి, కార్తెలు

సాయంత్రం ఎండ దిగి గచ్చు చల్లబడ్డాక కొట్టండి. ఆపాటికి తేనెటీగలు వెళ్లిపోతాయి. ఎండకు అజాడిరక్టిన్ విరిగిపోతుంది గనక రాత్రంతా పనిచేసే వీలుంటుంది. కావలిలో సాయంత్రం సముద్రపు గాలి తూర్పు నుంచి వస్తుంది, వీపు అటు పెట్టి నిలబడండి. పక్క మిద్దె మీద బట్టలో ఒరుగులో ఆరేసి ఉంటే ఆ రోజు ఆపేయండి. నీళ్ల ట్యాంకు మూత వేసి ఉందో లేదో చూసుకోండి, పిట్టలకు పెట్టిన నీళ్ల ముంత లోపల పెట్టండి.

రోహిణి కార్తెలో పడమటి వడగాలి కొట్టేటప్పుడు మన దగ్గర సాయంత్రం ఆరింటికి కూడా 32 డిగ్రీలకు దిగదు. ఆ రోజుల్లో నూనె పూర్తిగా మానేసి, నీళ్ల ధార, చేత్తో ఏరడం, నీడ వల, వీటితోనే నెట్టుకురండి. వాడిపోయిన మొక్కకు ఏ మందూ కొట్టకూడదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు అసలు వానలు. అప్పుడు కొట్టిన రాత్రే వాన పడితే మందంతా కొట్టుకుపోతుంది, తెరిపి చూసుకుని కొట్టాలి.

కొట్టే మనిషి పూర్తి చేతుల చొక్కా, రబ్బరు గ్లౌజులు, కళ్లద్దాలు, ముక్కుకు గుడ్డ. పిల్లలు కింద ఉండాలి, ఆకులు ఆరేదాకా పైకి రాకూడదు. స్ప్రేయర్ మీద పెయింటుతో పేరు రాయండి, దానితో ఇంకేదీ కొట్టొద్దు. ఏ కారణంగానైనా పిల్లలు మింగితే బలవంతంగా వాంతి చేయించకండి, నూనె ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 108కి ఫోన్ చేసి సీసాతో సహా ఆసుపత్రికి వెళ్లండి. ఢిల్లీ ఎయిమ్స్ విష సమాచార కేంద్రం నంబరు 1800 116 117, రాత్రీ పగలూ పలుకుతుంది. కంట్లో పడితే 15 నిమిషాలు ధారగా మంచి నీళ్లు పోసి కడిగి డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ఎన్నాళ్లకు కోసుకోవాలి

సబ్బు నీళ్లయితే మర్నాడు బాగా కడిగి వండుకోవచ్చు. వేపకు నేను మూడు రోజులు ఆగుతాను, కరివేపాకు, పుదీనా, కొత్తిమీర లాంటి ఆకులకు వారం. ఆకు పెద్ద వైశాల్యం, మందు ఎక్కువ పడుతుంది, పైగా చేదు పోదు. అందుకని పక్వానికొచ్చిన కాయలన్నీ కోసుకున్నాకే మందు కొట్టడం మంచి అలవాటు. ఆవు పేడ, మూత్రం పడే నీమాస్త్రం లాంటివి పచ్చిగా తినే కొత్తిమీర, పుదీనా మీద కొట్టకండి, పేడలోని క్రిములు కడుపులోకి పోతాయి.

వెల్లుల్లి, పచ్చిమిరప కషాయం కొట్టొచ్చా అంటే కొట్టొచ్చు, 100 గ్రాములు అదీ 100 గ్రాములు ఇదీ నూరి, లీటరు నీళ్లలో రాత్రంతా ఉంచి, వడకట్టి, 10 లీటర్లకు పలచన చేసి. కానీ చేతుల మంట, కళ్ల మంట, పిల్లలు ఆ ఆకు ముట్టుకుని కళ్లు నులుముకోవడం, ఇవన్నీ చూస్తే మీ ఇంటికి నేను సిఫారసు చేయను. వేపతో పోని పురుగేదీ మీ జాబితాలో లేదు. పుల్ల మజ్జిగ లీటరుకు పది లీటర్ల నీళ్లు కలిపి బూడిద తెగులు మొదట్లో కొట్టుకోవచ్చు, దానితో ఎవరికీ భయం లేదు. చిక్కుడు మీద కట్టెల బూడిద చల్లడం మన పెద్దలు చేసినదే, పలచగా, పొద్దున మంచు తడి మీద. కుండీలో కుప్పగా పోస్తే మాత్రం మట్టి క్షారమవుతుంది.

కిరోసిన్, ఫినాయిల్, డెటాల్, కలరా ఉండలు, వెనిగర్, ఉప్పు నీళ్లు, ఇవేవీ తినే మొక్కలకు కొట్టేవి కావు. ఎవరు ఎంత నమ్మకంగా చెప్పినా వద్దు.

ఇక మిరప ముడత

దీనికి ఇప్పుడే ఏదీ కొట్టకండి. ఆకు అంచులు పైకి ముడుచుకుని పడవలా అయితే అది తామర పురుగు. తెల్ల కాగితం మీద చివురును తట్టండి, సన్నగా కదిలే గీతల్లాంటివి రాలతాయి. దానికి వేపనూనె, నీలం రంగు జిగురు అట్టలు పనికొస్తాయి. 2021లో మిర్చి చేలను పాడుచేసిన నల్ల తామర పురుగైతే పూలలో దాక్కుంటుంది, పూలు విప్పి చూడాలి. ఆకు అంచులు కిందికి ముడుచుకుని, కాడ సాగి, ఆకు ఈనెల్లా సన్నబడితే అది నల్లి. నల్లికి నీళ్లలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు పనిచేస్తుంది, కానీ వేపనూనె కొట్టిన రెండు వారాల లోపు గంధకం కొడితే ఆకులన్నీ మాడతాయి. మీరు పోయిన ఆదివారమే నూనె కొట్టారు, మిరపకు కూడా తగిలిందో లేదో రాయలేదు. రెండు రకాలూ కాకుండా ఆకులు చిన్నబోయి, పసుపుపచ్చగా, గిడసబారి ఉంటే అది తెల్లదోమ తెచ్చే వైరస్, ఆ మొక్క పీకి పారేయడమే.

కాబట్టి రేపు ఉదయం ఎండ ముదరకముందే మిరప చివురు ఆకు పైనుంచి ఒక ఫోటో, తిప్పి అడుగు నుంచి ఒక ఫోటో తీసి పెట్టండి. కాగితం మీద తట్టినప్పుడు ఏం రాలిందో, ఆదివారం నూనె మిరపకు కొట్టారో లేదో కూడా రాయండి. తొందరగా తేల్చుకోవాలనుకుంటే ఆ కొమ్మను కవర్లో పెట్టుకుని మీ దగ్గరి రైతు సేవా కేంద్రంలో గానీ నెల్లూరు కృషి విజ్ఞాన కేంద్రంలో గానీ చూపించండి. పొదిలి వెళ్లినప్పుడైతే దర్శి కృషి విజ్ఞాన కేంద్రం దగ్గర.